సొంత పుస్తకాల షాపు: లోపలికి వెళ్ళాక ఏం చూడాలి? | రివ్యూ

నమస్కారం అండి. ఈసారి పుస్తకాల షాపునే రివ్యూ చేద్దాం. ఏ చైన్ స్టోరుకీ బ్రాంచి కాకుండా, నగరంలో ఒకరో ఇద్దరో సొంతంగా పెట్టుకుని నడిపే షాపు. ఫోన్లో నొక్కితే పుస్తకం గుమ్మం ముందుకి వచ్చే రోజుల్లో కూడా జనం ఇలాంటి షాపులకి పనిగట్టుకుని వెళ్తున్నారు. ఎందుకని అడిగితే చెక్క అరలు, పసుపు దీపాలు, పాత కాగితం వాసన అంటారు. అవన్నీ బాగుంటాయి. కానీ మనల్ని మళ్ళీ మళ్ళీ రప్పించేది ఏరిక. అరలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ ఎవరో ఒకరు వేల పుస్తకాల్లోంచి ఏరి, తమ డబ్బు పెట్టి తెచ్చి, అక్కడ నిలబెట్టారు. ఆ ఏరిక ఎలా ఉందో పసిగట్టడం నేర్చుకుంటే ఏ ఊరి షాపునైనా పావుగంటలో అంచనా వేయొచ్చు.

ముందు బల్ల దగ్గర ఆగండి. అదేనండీ, తలుపు తీయగానే ఎదురుగా ఉండేది. బల్ల మీదున్నవన్నీ ఈ రెండు మూడు నెలల్లో వచ్చినవే, ఏ ఎయిర్‌పోర్టులో చూసినా కనిపించేవే అయితే, ఆ షాపువాళ్ళు డిస్ట్రిబ్యూటర్ పంపిన పెట్టె విప్పి పరిచేశారన్నమాట. పదిహేనేళ్ళ కిందటి పుస్తకం నిన్న వచ్చినదాని పక్కన ఉందనుకోండి, అది ఎందుకుందో చూడండి. నదుల మీద నవల, దాన్ని ఆనుకుని ఆనకట్టల మీద ఒక అధ్యయనం, ఆ పక్కన ఎవరిదో పడవ ప్రయాణం. అలా కనిపిస్తే ఆ బల్ల సర్దినవాళ్ళు పుస్తకాలు చదివే మనుషులని నమ్మొచ్చు.

చైన్ స్టోర్లలో ఈ ముందు బల్ల మీద చోటుకి పబ్లిషర్లు డబ్బు కట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ చైన్‌కి 2011లో జేమ్స్ డాంట్ అధిపతిగా వచ్చి, ఆ డబ్బు తీసుకోవడం మాన్పించారు. ఏ బ్రాంచిలో ఏం పెట్టాలో ఆ బ్రాంచివాళ్ళే తేల్చుకోవాలన్నారు. ఆయన 1990లో లండన్‌లో పెట్టిన డాంట్ బుక్స్ సొంత షాపే. అక్కడ పుస్తకాలు దేశాల వారీగా సర్దే పద్ధతి పెట్టారు. జపాన్ అరకి వెళ్తే గైడ్‌బుక్కు, జపాన్ నవల, జపాన్ చరిత్ర ఒకేచోట దొరుకుతాయి. ఒకటి వెతుకుతూ వెళ్ళినవాళ్ళకి ఇంకో రెండు తగులుతాయి. సొంత షాపులో పుట్టిన అలవాటుని అంత పెద్ద చైన్‌లోకి తీసుకెళ్ళడం నాకు చాలా నచ్చిన విషయం.

ఇప్పుడు అరల దగ్గరికి రండి. కొన్ని పుస్తకాలు వెన్ను కనిపించేలా, కొన్ని అట్ట కనిపించేలా ఉంటాయి కదా. లెక్క వేద్దాం. అర పొడవు 90 సెంటీమీటర్లు. సగటు పుస్తకం మందం 2.5 సెంటీమీటర్లు అనుకుంటే వెన్ను బయటికి పెట్టి 36 పుస్తకాలు నింపొచ్చు. అట్ట కనిపించేలా పెడితే, ఒక్కొక్కటీ 14 సెంటీమీటర్ల వెడల్పు వేసుకుంటే, 6 పడతాయి. అంటే ఒక పుస్తకాన్ని ముఖం చూపించి నిలబెట్టినప్పుడల్లా ఇంకో అయిదు పుస్తకాల చోటు వదులుకుంటున్నారు. అంత చోటు దేనికి ఇచ్చారో చూడండి, షాపువాళ్ళ మనసు దేని మీద ఉందో తెలిసిపోతుంది. ఎవరూ పేరు వినని చిన్న ప్రచురణకి ఇచ్చారంటే మాత్రం దాన్ని తప్పకుండా చేతిలోకి తీసుకోండి. టోక్యోలోని గింజా ప్రాంతంలో మొరియోకా షోతెన్ అని 2015లో తెరిచిన షాపు ఉంది. వారానికి ఒకే ఒక్క పుస్తకం అమ్ముతారు, దానికి సంబంధించిన వస్తువులో బొమ్మలో చుట్టూ ప్రదర్శనగా పెడతారు. ఏరడం అనే పనిని ఇంతకంటే ముందుకు తీసుకెళ్ళలేం.

డబ్బు సంగతి కూడా తెలియాలండి. ముద్రిత ధర 100 అనుకోండి. షాపుకి వచ్చే కమీషన్ చాలాచోట్ల 40 అటూ ఇటూ ఉంటుంది. అద్దె, జీతాలు, కరెంటు, రవాణా, చినిగినవి, పోయినవి, అన్నీ ఆ 40లోంచే. మనం 20 శాతం తగ్గించమని అడిగితే వాళ్ళ చేతికొచ్చేదాంట్లో సగం అడిగినట్టు. అందుకే ఫ్రాన్స్‌లో 1981లో చట్టం చేశారు: కొత్త పుస్తకం మీద ఎవరూ 5 శాతానికి మించి తగ్గించకూడదు. పెద్ద స్టోరైనా, వీధి చివర షాపైనా ఒకటే ధర. అక్కడ పోటీ ధర మీంచి ఏరిక మీదికి మళ్ళింది. జర్మనీలోనూ పుస్తకం ధర పబ్లిషర్ ఖరారు చేసిందే, చట్టప్రకారం. బ్రిటన్‌లో 1900 నుంచీ ఉన్న అలాంటి ఒప్పందం 1990ల్లో కూలిపోయింది, ఆ తర్వాత సూపర్‌మార్కెట్లు బాగా అమ్ముడుపోయే పుస్తకాల్ని చవగ్గా అమ్మడం మొదలుపెట్టాయి. చిన్న షాపులకి రోజువారీ తిండి పెట్టేవి ఆ పుస్తకాలే.

ఇంకోటి రిటర్న్స్. అమ్ముడుపోని పుస్తకాన్ని గడువులోగా పబ్లిషర్‌కి తిప్పి పంపే వెసులుబాటు చాలా పుస్తకాలకి ఉంటుంది. అమెరికాలో ఇది 1930ల మాంద్యం కాలంలో స్థిరపడిన అలవాటు. కొన్నిటికి ఉండదు. ఆర్డర్ వచ్చాక ఒక్కో కాపీ అచ్చేసే ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకాలు, చాలా చిన్న ప్రచురణలు ఒకసారి కొంటే కొన్నట్టే. అలాంటిది మీరు ఆర్డర్ చేస్తే షాపువాళ్ళు అడ్వాన్సు అడుగుతారు. మీరు తీసుకెళ్ళకపోతే అది వాళ్ళ నెత్తిన పడుతుంది కాబట్టి అడుగుతారు, అపనమ్మకంతో కాదు.

ఆర్డర్ చెప్పేటప్పుడు పేరూ రచయితా చెప్తే సరిపోదు, ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరు ఇవ్వండి. 2007 నుంచి ఇది 13 అంకెలు, 978తోనో 979తోనో మొదలవుతుంది. అంతకుముందు 10 అంకెలుండేవి. గట్టి అట్ట ప్రతికి ఒక నంబరు, మెత్తటి అట్ట ప్రతికి ఇంకో నంబరు, కొత్త కూర్పుకి మరొకటి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి: కావాల్సిన అనువాదం ఒకటి, వచ్చేది ఇంకొకటి. షాపువాళ్ళు లేదన్నప్పుడు కూడా ఎక్కడ లేదో అడగండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర నిండుకుందా, పునర్ముద్రణలో ఉందా, అసలు ముద్రణే ఆగిపోయిందా? మొదటిదైతే కొన్ని రోజులు, రెండోదైతే నెలలు పట్టొచ్చు, మూడోదైతే సెకండ్ హ్యాండ్ వెతుక్కోవాల్సిందే.

ఆ సెకండ్ హ్యాండ్ అర దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం. చాలా సొంత షాపుల్లో అసలు సంపద అక్కడే ఉంటుంది. ఈ పుస్తకం చూడండి. ముందు వెన్ను పైఅంచు. కాగితాలు చిన్న చిన్న మడతల కట్టలుగా, వంపులు వంపులుగా కనిపిస్తున్నాయి కదా? ఇవి ఫారాలు, దారంతో కుట్టినవి. నడిమి పేజీ తీస్తే మడతలో దారం కూడా కనిపిస్తుంది. ఇలాంటిది యాభై ఏళ్ళయినా నిలుస్తుంది. ఇప్పుడు ఈ రెండోది. అంచు చదునుగా, కోసిన కాగితాల దొంతరలా ఉంది. గమ్ముతో అతికించిన బైండింగ్ ఇది. గమ్ము ఎండితే పెళుసెక్కుతుంది. బలంగా విప్పితే వెన్ను టక్కుమని విరిగి, పేజీలు గుత్తులుగా ఊడొస్తాయి. అందుకే సగానికి మించి తెరవకుండా, రెండు చేతుల్లో పట్టుకుని చూడండి.

తర్వాత కాపీరైట్ పేజీ. ఇక్కడ అడుగున అంకెల వరస ఉంది: 10 9 8 7 6 5 4 3. చాలామంది పబ్లిషర్ల పద్ధతిలో అన్నిటికంటే చిన్న అంకె ఎంతైతే అది అన్నో ముద్రణ. అంటే ఇది మూడోది. మళ్ళీ ముద్రించేటప్పుడు కొత్తగా అక్షరాలు పేర్చకుండా ప్లేటు మీద ఒక అంకె చెరిపేస్తే చాలని ఈ ఏర్పాటు చేసుకున్నారు. తొలి ముద్రణ అని ఎక్కువ ధర చెప్తే ముందు ఈ వరస చూడండి. అందరూ పాటించే పద్ధతి కాదు కాబట్టి దీని ఒక్కదాని మీదే తీర్పు చెప్పకండి. అడుగు అంచున నల్ల మార్కర్ గీతో చుక్కో ఉంటే, అది మిగిలిపోయిన స్టాకుగా చవగ్గా వదిలించుకున్న కాపీ. చదువుకోవడానికి ఏ లోటూ లేదు, ధర మాత్రం ఆ మేరకు తగ్గాలి.

వాసన విషయంలో జాగ్రత్త. పాత కాగితం విచ్ఛిన్నమయ్యేటప్పుడు వెలువడే రసాయనాల వల్ల కొంచెం వెనిలా లాంటి తీపి వాసన వస్తుంది, దానివల్ల భయం లేదు. ముక్కిన వాసన, తడిగోడ వాసన వస్తే అది బూజు. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు ఉంటే పుడుతుంది, ఇంట్లో పక్క పుస్తకాలకీ అంటుకుంటుంది. ఎంత అరుదైనదైనా వదిలేయండి. గోధుమరంగు మచ్చలు మాత్రమే ఉండి కాగితం పొడిగా ఉంటే తీసుకోవచ్చు.

ఏరికకి ధైర్యం తోడైతే షాపు ఎంత దూరం వెళ్తుందో రెండు ఉదాహరణలు. సిల్వియా బీచ్ 1919లో పారిస్‌లో షేక్‌స్పియర్ అండ్ కంపెనీ తెరిచారు. వేరేచోట అశ్లీలమని ఆపేసిన జేమ్స్ జాయిస్ నవల యులిసీస్‌ని 1922లో షాపు పేరుతో తనే ప్రచురించారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1953లో మొదలైన సిటీ లైట్స్ మొదట్లో మెత్తటి అట్ట పుస్తకాలు మాత్రమే అమ్మిన షాపు. పేదవాళ్ళు కూడా కొనగలిగే ధరలన్నమాట. 1957లో అక్కడ ఒక కవితా సంపుటి అమ్మినందుకు కౌంటర్ దగ్గరున్న ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారు, యజమాని లారెన్స్ ఫెర్లింగెట్టి మీద అశ్లీలత కేసు నడిచింది. కోర్టు ఆ పుస్తకంలో అశ్లీలం లేదని తేల్చింది. ఆ షాపు ఇప్పటికీ నడుస్తోంది.

అందం ఒక్కటే ఉంటే ఏమవుతుందో కూడా చూడాలి. పోర్చుగల్‌లోని పోర్తోలో లెల్లో అనే షాపు మెట్లు, అద్దాల పైకప్పు చూడ్డానికి జనం విరగబడేవారు, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయేవారు. 2015లో ప్రవేశానికి టికెట్ పెట్టి, పుస్తకం కొంటే ఆ డబ్బు బిల్లులో తగ్గించే ఏర్పాటు చేశారు. సరైన నిర్ణయం అనే అంటాను.

ఇక లోపాలు. పాఠ్యపుస్తకాలు, పరీక్షల గైడ్లు, సాంకేతిక పుస్తకాల తాజా కూర్పుల కోసం ఈ షాపులకి వెళ్ళకండి. త్వరగా పాతబడే స్టాకు వాళ్ళు ఎక్కువ పెట్టలేరు. కొన్నిచోట్ల యజమాని అభిరుచే గోడలా అడ్డొస్తుంది: కవిత్వం మూడు అరలు, సైన్సు అసలే లేదు. పిల్లల పుస్తకాలు చేతికందని ఎత్తులో ఉంటే అది పిల్లల కోసం పెట్టిన విభాగం కానే కాదు. దుమ్ము పట్టిన అర కనిపిస్తే అక్కడ స్టాకు కదలడం లేదని అర్థం. ఏడాదికి సరుకు మూడు నాలుగు సార్లయినా తిరగకపోతే కొత్తవి కొనడానికి చేతిలో డబ్బు మిగలదు, ఏరిక కూడా అక్కడితో ఆగిపోతుంది.

వెళ్ళేముందు కౌంటర్ దగ్గర ఒక మాట అడగండి: “ఈ మధ్య అయిపోయాక మళ్ళీ తెప్పించినవి ఏమున్నాయండీ?” ఏది బాగుంటుందని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు. మళ్ళీ తెప్పించారంటే మాత్రం చదివినవాళ్ళు ఇంకొకరికి చెప్పి పంపారన్నమాట. ఆలోచించకుండా రెండు పేర్లు చెప్పి, ఎలాంటివాళ్ళు కొంటున్నారో కూడా చెప్తే, ఆ రెండూ తీసుకుని మొదటి పది పేజీలు అక్కడే చదివి చూడండి.