పాత పీసీలో లినక్స్ నడుస్తుందా? స్టిక్కర్‌ని కాదు, చిప్‌ని అడగండి

[టేబుల్ మీద మూత తెరిచిన పాత ల్యాప్‌టాప్. కీబోర్డు పక్కన సగం చెరిగిపోయిన స్టిక్కర్ మీదికి కెమెరా దగ్గరగా వెళ్తుంది.]

నమస్తే. ముందు ఈ స్టిక్కర్‌ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. "కోర్ డుయో" అని ఉంది. "కోర్ 2 డుయో" కాదు, మధ్యలో ఆ 2 లేదు. రెండూ 2006లోనే వచ్చాయి, రెండూ ఇంటెల్‌వే. కానీ 2 ఉన్నది 64 బిట్ ప్రాసెసర్, లేనిది 32 బిట్. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని ఇవాళ కూర్చుంటే, ఈ ఒక్క అంకె దగ్గరే మన దారి రెండుగా చీలిపోతుంది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది. దాంతో బీరువా పైకెక్కిన పాత మెషిన్లన్నీ మళ్ళీ కిందికి దిగుతున్నాయి. అందరి ప్రశ్నా ఒకటే: "నా దగ్గర ఫలానా మోడల్ ఉంది, దీంట్లో లినక్స్ వస్తుందా?" మోడల్ పేరు ఒక్కటే చెబితే జవాబు దొరకదు. ఎందుకంటే ఒకే మోడల్ పేరు మీద ఒకదాంట్లో ఒక కంపెనీ వైఫై కార్డు, ఇంకోదాంట్లో వేరే కంపెనీ కార్డు పెట్టి అమ్మేవాళ్ళు. ఆపరేటింగ్ సిస్టమ్ మోడల్ పేరు చదవదు. లోపలున్న చిప్‌ల నంబర్లు చదువుతుంది. ఆ నంబర్లు మనమూ చదవడం నేర్చుకుంటే, ఎవరినీ అడగక్కర్లేదు.

[స్క్రీన్ రికార్డింగ్: లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లేచిన డెస్క్‌టాప్, టెర్మినల్ తెరుచుకుంటుంది.]

ఇప్పుడు నేను పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుపుతున్నాను. హార్డ్‌డిస్క్‌ని ఇంకా ముట్టుకోలేదు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, ఒక ఖాళీ, గీత, ఎన్ఎన్‌కే అని కొట్టాను. అన్నీ చిన్న అక్షరాలే. వరసగా చిట్టా వచ్చింది. ప్రతి పరికరం పేరు చివర బ్రాకెట్లో రెండు భాగాల నంబర్ ఉంది చూడండి. ఇక్కడ 8086:4220. మొదటి భాగం తయారుచేసిన కంపెనీది, రెండోది ఆ చిప్‌ది. 8086 అంటే ఇంటెల్. 1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరే అది, దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. 1002 అంటే ఏటీఐ, 10డీఈ అంటే ఎన్‌విడియా, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సీ అంటే అథెరోస్. మీరు నెట్‌లో వెతకాల్సింది ఈ నంబర్‌ని, ల్యాప్‌టాప్ పేరుని కాదు.

దాని కిందే "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఒక వరస ఉంటుంది. ఆ వరస ఉంటే, కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఆ చిప్‌ని గుర్తుపట్టి ఒక డ్రైవర్‌కి, అంటే దాన్ని నడిపే ప్రోగ్రామ్‌కి, అప్పగించిందన్నమాట. లేకపోతే ఆ పరికరాన్ని ఇంకా ఎవరూ పట్టించుకోలేదు. గ్రాఫిక్స్, నెట్‌వర్క్, వైఫై, సౌండ్ ఈ నాలుగింటి కిందా ఆ వరస ఉందో లేదో చూసుకోండి.

[స్క్రీన్ మీద: ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ ఇచ్చిన జవాబు. "ఫ్లాగ్స్" వరస పసుపు రంగులో.]

ఇక ప్రాసెసర్. ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే పొడుగాటి ఫ్లాగ్స్ జాబితా వస్తుంది. ఆ ప్రాసెసర్‌లో ఉన్న సౌకర్యాల పొట్టి పేర్లవి. అందులో మనకి కావాల్సినవి కొన్నే. "ఎల్ఎమ్" అనే రెండక్షరాలు ఉంటే అది 64 బిట్ ప్రాసెసర్. లాంగ్ మోడ్ అన్నమాట. 2003లో ఏఎమ్‌డీ ముందు తెచ్చింది, మరుసటి ఏడు ఇంటెల్ అందుకుంది. అయినా 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 కూడా 32 బిట్టే. కాబట్టి కొన్న సంవత్సరాన్ని బట్టి ఊహించొద్దు, ఫ్లాగ్ చూడండి.

ఎల్ఎమ్ లేకపోతే మీ ముందున్న దారి ఇరుకే, అది ఏటేటా ఇంకా ఇరుకవుతోంది. లినక్స్‌ని రకరకాల బృందాలు తమ తమ పేర్లతో సిద్ధం చేసి ఇస్తాయి, వాటినే డిస్ట్రోలు అంటారు. వాటిలో ఆర్చ్ లినక్స్ 2017లో 32 బిట్‌ని వదిలేసింది. ఫెడోరా 2019లో 32 బిట్ కెర్నల్ ఇవ్వడం మానేసింది. అందరికీ పెద్ద దిక్కుగా ఉన్న డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేసింది. డెబియన్ 12 ఇంకా దొరుకుతుంది. ఆల్పైన్, వాయిడ్, స్లాక్‌వేర్ 15 లాంటివీ ఉన్నాయి. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాయడం మొదలుపెట్టింది ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న మెషిన్ మీద. ఆ 386కే 2013లో వచ్చిన 3.8 కెర్నల్‌తో సపోర్ట్ పోయింది. ఆ కోడ్‌ని కాపాడుకుంటూ రావడానికి పట్టే శ్రమ, దాన్ని వాడేవాళ్ళ సంఖ్య, ఈ రెండూ తూకం వేసుకునే ఇలాంటి నిర్ణయాలు తీసుకుంటారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు.

32 బిట్‌లో ఇంకో మెలిక ఉంది: "పీఏఈ" ఫ్లాగ్. 32 బిట్ ప్రాసెసర్ 4 జీబీకి మించిన మెమరీని అందుకునే సౌకర్యం అది. చాలా కెర్నల్స్ దాన్ని అడుగుతాయి. పెంటియమ్ ఎమ్ తొలి ప్రాసెసర్లలో ఆ సౌకర్యం ఉంది గానీ, ఉన్నట్టు ప్రాసెసర్ చెప్పుకోదు. ఇన్‌స్టాలర్ "పీఏఈ లేదు" అని ఆగిపోతుంది. అలాంటప్పుడు బూట్ లైన్‌లో, అంటే బూట్ మెనూలో కెర్నల్‌కి ఇచ్చే ఆదేశాల వరసలో, ఫోర్స్‌పీఏఈ అని చేరిస్తే మామూలుగా లేస్తుంది. ఈ ఒక్క మాట తెలియక పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌లు నేను చూశాను.

64 బిట్ ఉంది కదా, ఇక నిశ్చింత అనుకుంటారేమో. అక్కడా మెట్లున్నాయి. 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాని ఆధారంగా వచ్చిన డిస్ట్రోలు ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాల సమితి దాకా ఉన్న ప్రాసెసర్ కావాలంటాయి. కోర్ 2 డుయోలో అది లేదు. బూట్ మొదలవుతుంది, మీ ప్రాసెసర్‌లో ఈ స్థాయి లేదని ఒక వరస కనిపిస్తుంది, కెర్నల్ అక్కడే ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని మూడుసార్లు మళ్ళీ రాసుకునేవాళ్ళున్నారు. లోపం పెన్‌డ్రైవ్‌లో లేదు. అదే మెషిన్‌లో డెబియన్ 64 బిట్ హాయిగా నడుస్తుంది.

[కెమెరా ముందుకి.]

ప్రాసెసర్ గురించి చివరి మాట, ఇది నా అభిప్రాయం. 32 బిట్ మెషిన్‌ని వెబ్ బ్రౌజింగ్ కోసం సిద్ధం చేయొద్దు. క్రోమ్ 32 బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది. 32 బిట్ లినక్స్‌కి ఫైర్‌ఫాక్స్ మామూలు వెర్షన్లు కూడా 144వ దానితో ఆగిపోయాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత తేలికైనదైనా, పది ట్యాబులు తెరిస్తే మెషిన్ కూలబడుతుంది. ఫైళ్ళు దాచుకునే సర్వర్‌గానో, టెర్మినల్ నేర్చుకోవడానికో, కుదురుగా కూర్చుని రాసుకోవడానికో వాడండి. ఆ పనులకి అది ఇంకా గట్టిదే.

[స్క్రీన్ మీద: బూట్ మెనూ ఫోటో.]

అసలు పెన్‌డ్రైవ్ నుంచి లేవకపోతే? బయోస్ అంటే మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్. బాగా పాత బయోస్‌లకి యూఎస్‌బీ నుంచి బూట్ చేయడం రాదు. అలాంటివాటికి సీడీయే గతి. ఇంకో రకం ఇబ్బంది కనిపెట్టడం కష్టం: ప్రాసెసర్ 64 బిట్, బయోస్ స్థానంలో వచ్చిన ఈఎఫ్ఐ మాత్రం 32 బిట్. తొలినాటి ఇంటెల్ మ్యాక్‌లలో కొన్ని, 2013, 14 ప్రాంతంలో వచ్చిన చవక ఆటమ్ టాబ్లెట్లు ఈ బాపతు. పెన్‌డ్రైవ్‌లో బూట్ఎక్స్64 అనే ఫైలు ఉంటుంది, కానీ ఈ మెషిన్ వెతికేది బూట్ఐఏ32 అనే ఫైలుని. అది కనిపించకపోతే పెన్‌డ్రైవ్ పెట్టనట్టే ఊరుకుంటుంది. రెండు ఫైళ్ళూ ఉన్న ఇమేజ్ తీసుకుంటే సరిపోతుంది.

[స్క్రీన్ రికార్డింగ్: టెర్మినల్‌లో డీఎమ్ఈఎస్‌జీ కమాండ్. ఎర్రటి వరస మీద జూమ్.]

ఇప్పుడు అందరినీ ఏడిపించే వైఫై దగ్గరికి వద్దాం. ఇందాకటి 8086:4220 గుర్తుందా? అది ఇంటెల్ 2200బీజీ వైఫై కార్డు. దాని కింద డ్రైవర్ పేరు ఐపీడబ్ల్యూ2200 అని చక్కగా కనిపించింది. డ్రైవర్ ఉంది, అయినా నెట్‌వర్కులు కనిపించడం లేదు. కెర్నల్ ఏమంటోందో చూద్దాం. ఇదిగో ఈ వరస: ఫలానా ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. యునిక్స్ కుటుంబంలో 2వ నంబర్ తప్పు అంటే "అలాంటి ఫైలే లేదు" అని అర్థం. కార్డు పాడవలేదు, డ్రైవర్ తప్పూ లేదు. ఒక చిన్న ఫైలు డిస్క్ మీద లేదు, అంతే.

ఆ ఫైలేమిటో చెప్తాను. డ్రైవర్ నడిచేది మన ప్రాసెసర్ మీద. ఫర్మ్‌వేర్ నడిచేది వైఫై కార్డులో ఉన్న బుల్లి ప్రాసెసర్ మీద. కార్డులో దాన్ని శాశ్వతంగా దాచుకునే చోటు ఉండదు. అందుకే మెషిన్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫైలుని డిస్క్ నుంచి తీసి కార్డులోకి ఎక్కించాలి. ఆ ఫైలు సోర్స్ బయటికివ్వని కంపెనీ సొత్తు కాబట్టి, డెబియన్ లాంటి కొన్ని డిస్ట్రోలు ఏళ్ళ తరబడి దాన్ని ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, 12వ వెర్షన్ నుంచి వాటిని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే కలిపారు. పాత మెషిన్లకి అంత మేలు చేసిన నిర్ణయం ఈమధ్య ఇంకోటి లేదని నా నమ్మకం.

పాత బ్రాడ్‌కామ్ కార్డులది మాత్రం ఇంకా చిక్కే. ఆ ఫర్మ్‌వేర్‌ని పంచిపెట్టడానికి అనుమతి లేదు. మీ మెషిన్ మీదే, కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్ నుంచి దాన్ని కోసి తీయాలి. ఆ పని చేసే ప్యాకేజీ ఉంది, కానీ దానికి ఇంటర్నెట్ కావాలి. వైఫై రావడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి వైఫై కావాలి! అందుకే ఒక నెట్‌వర్క్ కేబుల్ దగ్గర పెట్టుకోండి. లేదా ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌లాగే తీసుకుంటుంది.

పాత అథెరోస్ కార్డులు నాకు ఎంతో ఇష్టం. ఏటీహెచ్5కే, ఏటీహెచ్9కే డ్రైవర్లతో నడిచే పీసీఐ కార్డులకి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు. మీ చిట్టాలో 168సీ కనిపిస్తే సంతోషించండి.

కార్డు మార్చేద్దాం అనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో అనుమతించిన కార్డుల జాబితా ఉంటుంది. నేను ఒకసారి మంచి కార్డు వెతికి తెచ్చి, ఇరవై స్క్రూలు విప్పి బిగించాను. ఆన్ చేస్తే, ఆ కార్డు తీసేస్తే తప్ప బూట్ కానని మొండికేసింది. మళ్ళీ ఇరవై స్క్రూలు. విప్పే ముందే మీ మోడల్‌కి ఆ జాబితా ఉందేమో కనుక్కోండి. మోడల్ పేరు పనికొచ్చే చోటు ఇదొకటి.

[స్క్రీన్ మీద: గ్రాఫిక్స్ కార్డు వరస.]

గ్రాఫిక్స్‌లో ఇంటెల్, పాత ఏటీఐ రేడియన్ చిప్‌లకి డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉన్నాయి, పెద్దగా చేయాల్సిందేమీ ఉండదు. ఒక మినహాయింపు, ఇంటెల్ జీఎమ్ఏ 500. పేరు ఇంటెల్‌ది, లోపలున్నది పవర్‌వీఆర్ డిజైన్. బొమ్మ వస్తుంది, 3డీ రాదు. ఎన్‌విడియాలో జీఫోర్స్ 8, 9 సిరీస్‌లకి కంపెనీ ఇచ్చిన చివరి డ్రైవర్ శాఖ 340, అది 2019తో ఆగిపోయింది. కొత్త కెర్నల్స్‌తో అది పొసగదు, దాంతో కుస్తీ పట్టకుండా కెర్నల్‌లోనే ఉన్న నూవో డ్రైవర్‌తో సరిపెట్టుకోవడం మేలు. బూట్‌లో స్క్రీన్ నల్లగా ఉండిపోతే బూట్ లైన్‌లో నోమోడ్‌సెట్ అని రాసి చూడండి. అది లోపలికి వెళ్ళడానికి తాత్కాలిక దారి మాత్రమే.

సౌండ్, వైరు నెట్‌వర్క్, కీబోర్డు, మౌస్ వీటితో సాధారణంగా ఇబ్బంది రాదు.

లినక్స్ ఒక్కటే కాదు, బీఎస్‌డీలు అనే యునిక్స్ కుటుంబపు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉన్నాయి. 32 బిట్ మెషిన్‌కి నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ ఇప్పటికీ తలుపు తెరిచే ఉంచాయి. ఫ్రీబీఎస్‌డీ 15 మాత్రం ఆ తలుపు మూసేసింది. ఓపెన్‌బీఎస్‌డీలో నాకు నచ్చేది, నెట్‌వర్క్ కార్డు పేరే దాని డ్రైవర్ పేరు. ఆర్ఈ0 అని కనిపిస్తే డ్రైవర్ ఆర్ఈ. దాని మాన్యువల్ పేజీ తెరిస్తే ఏయే చిప్‌లు పనిచేస్తాయో అందులోనే ఉంటుంది. అయితే ఎన్‌విడియా కార్డుకి వేగం, బ్లూటూత్ అక్కడ ఆశించొద్దు. బ్లూటూత్‌ని వాళ్ళు 2014లోనే తీసేశారు.

[టేబుల్ మీద విప్పిన మదర్‌బోర్డు. గుండ్రటి బటన్ సెల్ మీదికి కెమెరా.]

సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని ఒక సంగతి. ఈ సెల్ అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవంటుంది, ప్యాకేజీల జాబితా ఇంకా పుట్టలేదంటుంది, చూసేవాళ్ళకి నెట్ పాడైనట్టు అనిపిస్తుంది. సీఆర్2032 సెల్ ఒకటి మార్చి, తారీఖు సరిచేయండి. అలాగే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని ఒక రాత్రంతా నడిపి ర్యామ్‌ని పరీక్షించండి. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్ తీసేయాలి. ర్యామ్ పెంచాలనుకుంటే చిప్‌సెట్ ఏదో చూడండి. ఇంటెల్ 945 రకం బోర్డుల్లో 4 జీబీ వేసినా దాదాపు 3 జీబీయే చేతికొస్తుంది, ప్రాసెసర్ 64 బిట్ అయినా సరే.

[మళ్ళీ మొదటి ల్యాప్‌టాప్. లైవ్ డెస్క్‌టాప్ తెరిచి ఉంది.]

ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఇంకో పరీక్ష చేయండి, దీన్ని చాలామంది మర్చిపోతారు. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుండగానే ఎల్ఎస్‌పీసీఐ చిట్టాని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే ముందు అది పెట్టుకుని వైఫై కలపండి, ఒక పాట పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్ మూత మూసేయండి.

[మూత మూస్తారు. నిశ్శబ్దం. మూత తెరుస్తారు.]

ఒక నిమిషం ఆగి తెరిచాను. స్క్రీన్ వెలిగింది, పాట ఆగిన చోటు నుంచే అందుకుంది, వైఫై తనంతట తానే మళ్ళీ కలిసింది. నిద్రపోయి లేవడంలో గ్రాఫిక్స్, వైఫై, బయోస్ మూడూ ఒకేసారి బయటపడతాయి. మీ మెషిన్‌లోనూ ఇంతవరకూ వచ్చిందా? అయితే డెస్క్‌టాప్ మీదున్న ఆ ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి.