ఒకే ఫ్యాక్టరీ సరుకేనా? పాత కారుకు చవక భాగమా, ఖరీదైన భాగమా

నమస్కారం. పాత కార్ల విడిభాగాల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "రెండూ ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి, మారేది పెట్టె మాత్రమే, ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి?" దీనికి సరిగ్గా ఎదురుగా మరో మాట ఉంటుంది: "అన్నిటికంటే ఖరీదైనది కొనేస్తే ఇక ఆలోచించే పని ఉండదు." ఈ రెండూ నన్ను సమానంగా బాధపెడతాయి, ఎందుకంటే రెండూ భాగాన్ని చేతిలోకి తీసుకోకుండానే ధరను చూసి తీర్పు చెబుతున్నాయి. ఒక భాగాన్ని దేనితో చేశారు, అది ముందుగా చెప్పి చెడిపోతుందా లేక చెప్పకుండా చెడిపోతుందా, దాన్ని మళ్లీ మార్చాలంటే ఎంత విప్పాలి అన్నవి తెలుసుకున్న తర్వాతే ధర గురించి మాట్లాడాలి.

నేను చెప్పదలచుకున్నదంతా ఒక చిన్న భాగంలో కనిపిస్తుంది. అది రోటర్ ఆర్మ్.

[తెరపై: మధ్యకు కోసిన రోటర్ ఆర్మ్]

ప్లగ్గులకు వంతులవారీగా రవ్వను పంచే పెట్టె డిస్ట్రిబ్యూటర్, దాని మూత కింద తిరిగే ఈ ముక్క, వోల్టేజిని పెంచే కాయిల్ నుంచి వచ్చిన విద్యుత్తును ఒక్కొక్క ప్లగ్గుకు అందిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ 1,500 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు నాలుగు రవ్వలు చొప్పున సెకనుకు 100 సార్లు వేల వోల్టుల విద్యుత్తు ఈ ముక్క మీదుగా వెళుతుంది. దాని కిందే ఎర్త్‌కు కలిసి ఉన్న ఉక్కు ఇరుసు ఉంటుంది. పైనున్న ఇత్తడి పలకకూ కిందున్న ఇరుసుకూ మధ్య అడ్డుగా నిలిచేది కొన్ని మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మాత్రమే.

నాసిరకం రోటర్లలో సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు. ఇత్తడి పలకను బిగించే రివెట్ ప్లాస్టిక్‌లోకి మరీ లోతుగా దిగి ఇరుసుకు చేరువవుతుంది, లేదా ప్లాస్టిక్‌కు నల్లరంగు ఇవ్వడానికి కలిపే కార్బన్ మోతాదు మించడంతో అడ్డుగోడగా ఉండవలసిన పదార్థమే విద్యుత్తుకు దారి ఇస్తుంది. రెండు సందర్భాల్లోనూ రవ్వ ప్లగ్గుకు వెళ్లకుండా ఇరుసులోకి దిగిపోతుంది. బయటి నుంచి చూస్తే ముక్క కొత్తదానిలా నిగనిగలాడుతూనే ఉంటుంది. పైగా ఈ లోపం చాలాసార్లు ఇంజిన్ వేడెక్కిన తర్వాతే బయటపడుతుంది కాబట్టి, కారు దారి మధ్యలో ఆగిపోయి, చల్లబడగానే మళ్లీ నడుస్తుంది. అప్పుడు యజమాని పెట్రోలు పంపును అనుమానిస్తాడు, కార్బ్యురేటర్ విప్పుతాడు, కాయిల్ మారుస్తాడు. కొత్తగా వేసిన భాగాన్ని అనుమానించాలని ఎవరికీ తోచదు.

ఇప్పుడు ఆ మొదటి మాట దగ్గరకు వద్దాం. ఒకే ఫ్యాక్టరీ అనుకుందాం. ఒకే యంత్రం, ఒకే అచ్చు కూడా అనుకుందాం. అయినా ఏ ప్లాస్టిక్ పోయాలి, రివెట్ ఉండాలా లేక పలకను అచ్చులోనే పొదగాలా, వందలో ఎన్ని ముక్కలను అధిక వోల్టేజి దగ్గర పరీక్షించాలి అన్నవి నిర్ణయించేది ఆర్డరు ఇచ్చినవాడు. అతడు తక్కువ ధర అడిగితే ఫ్యాక్టరీ ఆ ధరకు తగిన పదార్థమే వాడుతుంది. ఫ్యాక్టరీ ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటే కాదు. అలాగే పేరున్న పెట్టెను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు, ఎందుకంటే పాతకాలపు బ్రాండ్ల పేర్లు కాలక్రమంలో చేతులు మారాయి, కొన్నిచోట్ల పేరు మాత్రమే అద్దెకు వెళ్లింది. మీకు గుర్తున్న ఆ పేరు మీద ఈరోజు అమ్ముతున్నది ఆనాటి సంస్థ తయారుచేసిన భాగమే అని చెప్పలేము.

అందుకే రోటర్ విషయంలో నేను పెట్టెను కాక ముక్కను చూస్తాను. పలక రివెట్ లేకుండా పొదిగి ఉందా, ఇరుసు మీద బిగువుగా కూర్చుంటుందా, తయారీదారు ప్లాస్టిక్ గురించి ఏమైనా చెబుతున్నాడా అన్నవి చూస్తాను. అనుమానం వస్తే పరీక్ష కూడా సులభమే. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాయిల్ నుంచి వచ్చే లావు తీగ చివరను ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో రోటర్ ఇత్తడి పలకకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని, ఇంకొకరి చేత స్టార్టర్ తిప్పించండి. దగ్గరలో పెట్రోలు ఆవిరి లేకుండా ముందే చూసుకోండి. పలక మీదికి రవ్వలు వరుసగా దూకుతుంటే అవి రోటర్‌ను దాటి ఇరుసులోకి పోతున్నట్టే.

డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉండి, కాయిల్‌కు వెళ్లే విద్యుత్తును తెంచి రవ్వ పుట్టించే పాయింట్లు మరో రకంగా చెడిపోతాయి. ఇరుసు మీది గుబ్బలను, అంటే క్యామ్‌ను, రాసుకుంటూ ఉండే వాటి మడమ మెత్తటి పదార్థమైతే త్వరగా అరిగి, సందు తగ్గిపోయి, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఇగ్నిషన్ టైమింగ్, అంటే రవ్వ పడే సమయం, వెనకబడుతుంది. ఇంజిన్ బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది, కానీ నడుస్తూనే ఉంటుంది. అంటే పాయింట్లు ముందుగా హెచ్చరిస్తాయి, సందు మళ్లీ సరిచేసుకోవచ్చు. రోటర్ హెచ్చరించదు. పక్కపక్కనే ఉండే రెండు భాగాల్లో ఒకదాని దగ్గర కొంత సర్దుకోవచ్చు, రెండోదాని దగ్గర సర్దుకోకూడదు. నా దృష్టిలో చవక, ఖరీదు అన్న గీత కంటే ఈ గీతే ముఖ్యమైనది.

ఇక రబ్బరు. కంటితో చూసి గుర్తించలేని విషయంలో రబ్బరుకు రోటర్ ప్లాస్టిక్ సొంత చెల్లెలు. రెండు నల్లటి రింగులు పక్కపక్కన పెడితే ఒకటి ఈపీడీఎమ్ అనే రకం రబ్బరు, మరొకటి నైట్రైల్ అనే రకం అని చూపుతో చెప్పడం అసాధ్యం. ఈపీడీఎమ్ గ్లైకాల్ ఆధారిత బ్రేక్ ఫ్లూయిడ్‌లో చక్కగా ఉంటుంది, ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోతుంది. నైట్రైల్ నూనెలో బాగుంటుంది, బ్రేక్ ఫ్లూయిడ్‌లో పాడవుతుంది. ఫ్రాన్స్ కంపెనీ సిట్రోయెన్ చేసిన డీఎస్ కారునే చూడండి. 1960ల రెండో సగంలో ఆ కంపెనీ తన హైడ్రాలిక్ వ్యవస్థకు ఎరుపు రంగు ఎల్‌హెచ్‌ఎస్ అనే కృత్రిమ ద్రవం మాని ఆకుపచ్చ ఎల్‌హెచ్‌ఎమ్ అనే ఖనిజ నూనెకు మారింది. ఒకదాని సీళ్లు రెండోదానిలో పనిచేయవు. అక్కడ తప్పు సీలు ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది తప్పు సీలే.

పెట్రోలు గొట్టాలదీ ఇదే కథ. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు చాలా దేశాల్లో వాడుకలోకి వచ్చింది, పాత రకం రబ్బరు గొట్టాలు దానికోసం తయారైనవి కావు. లోపలి పొరగా ఫ్లోరో రబ్బరు ఉండే ఎస్‌ఏఈ (అమెరికాలోని వాహన ఇంజినీర్ల సంఘం) వారి జె30 ఆర్9 ప్రమాణపు గొట్టం తీసుకోండి, ఆ అక్షరాలు గొట్టం పొడవునా ముద్రించి ఉంటాయి. ముద్రను ఎవరైనా వేయగలరు కాబట్టి నమ్మకమైన చోట కొనండి. వేడి ఇంజిన్ పైన పగిలిన గొట్టం అంటే మంట. ఈ ఒక్క విషయంలో పొదుపు గురించి నాతో వాదించవద్దు. "కొత్తదిగా మిగిలిపోయిన పాత సరుకు" అంటూ పెట్టెలో దశాబ్దాలుగా ఉన్న రబ్బరును గొప్పగా అమ్ముతారు, దాన్ని కూడా కొనవద్దు. వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది.

ఖరీదు పెట్టనవసరం లేని చోటు కూడా చూపించాలి. చాలా పాత కార్లలోని బేరింగులు ఆ కారుకోసం పుట్టినవి కావు, వాటి మీద ఉన్న సంఖ్య అంతర్జాతీయ కొలతను చెబుతుంది. ఉదాహరణకు 6204 అంటే లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు, ఎవరు చేసినా అంతే. కారు కంపెనీ పెట్టెలో అదే బేరింగుకు ఎక్కువ చెల్లించే బదులు, సంఖ్య చూసి పేరున్న బేరింగు తయారీదారు సరుకు నేరుగా కొనండి. సంఖ్య వెనకున్న అక్షరాలను వదిలేయకండి, సీ3 అంటే లోపలి సందు మామూలుకంటే ఎక్కువ అని అర్థం. ఆయిల్ సీళ్లు కూడా చాలావరకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు కొలతలు చెబితే దొరుకుతాయి, వాటికీ పదార్థం అడగాలి. ఇక్కడ "రెండూ ఒకటే" అన్నవారి మాట నిజంగా నిజమవుతుంది, ఎందుకంటే ఇక్కడ పదార్థాన్నీ కొలతనూ సరిచూసుకోగలం. రోటర్ దగ్గర మనకు లేనిది ఆ అవకాశమే.

సమయం దగ్గర పడుతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను.

విప్పే శ్రమ. బ్రిటన్ స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీలో క్లచ్ రిలీజ్ బేరింగు మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాలి. అలాంటి చోట భాగం ధర మొత్తం ఖర్చులో చిన్న వాటా, అందుకే దొరికినవాటిలో మేలైనదే వేయండి, క్లచ్ ప్లేటు, కవరు కూడా అప్పుడే మార్చండి. రోటర్ మార్చడానికి మాత్రం రెండు క్లిప్పులు తీస్తే చాలు, కాబట్టి మంచిది ఒకటి కారులో అదనంగా ఉంచుకోవచ్చు.

బ్రేకులు. ప్యాడ్ మీద వృత్తంలో ఇ అక్షరం, దాని పక్కన సంఖ్య, 90ఆర్ అన్న గుర్తు ఉన్నవి మీ కారుకు దొరికితే అవే తీసుకోండి. ఐక్యరాజ్యసమితి ఆర్90 నిబంధన ప్రకారం వాటి పనితీరు అసలు ప్యాడ్ల పనితీరుకు 15 శాతం అటూఇటుగా ఉండాలి. రేసుల కోసం చేసిన ఖరీదైన ప్యాడ్లు మామూలు కారుకు పెట్టవద్దు, అవి వేడెక్కితేగాని సరిగ్గా పట్టవు.

బోల్టులు. తల మీద 8.8 అని ఉంటే దాని తన్యబలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, 800 మెగాపాస్కల్, అందులో 80 శాతం దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. తల మీద ఏ గుర్తూ లేని బోల్టును స్టీరింగ్‌లోగాని సస్పెన్షన్‌లోగాని వాడకండి. అలాగని అన్నిచోట్లా 12.9 బిగించడం కూడా సరికాదు, అంత గట్టి ఉక్కుకు ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే పెళుసుబారే ప్రమాదం ఉంది.

బుష్‌లు. ఇవి సస్పెన్షన్ కీళ్లలో కుదుపును మింగే మెత్తటి గొట్టాలు. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ గట్టిగా ఉండి రోడ్డు కుదుపును బాడీలోకి పంపుతుంది. మెత్తగా నడిచే కారు కావాలనుకుంటే మంచి రబ్బరే మేలు. లోహపు గొట్టానికి అతికించిన రబ్బరు బుష్‌లను కారు చక్రాల మీద నిలిచిన తర్వాతే పూర్తిగా బిగించాలి, గాలిలో ఉండగా బిగిస్తే ఎంత మంచి బుష్ అయినా మెలితిరిగి చిరిగిపోతుంది.

చివరిగా, కొత్త భాగం బిగించి కొన్ని వందల కిలోమీటర్లు నడిపేవరకు పాతదాన్ని పారేయకండి. బ్రేక్ సిలిండరు, డిస్ట్రిబ్యూటర్ వంటివాటిని మార్పిడి కింద తిరిగి ఇచ్చేముందు కొత్తదాని పక్కన పెట్టి ప్రతి రంధ్రం, ప్రతి మర కొలిచి చూడండి.