జత కుదరని ర్యామ్: లోపం స్టిక్‌లో ఉందా, కలయికలో ఉందా?

నమస్కారం. డెస్క్‌టాప్‌లో ఉన్న ర్యామ్ చాలడం లేదని మరో స్టిక్ తెచ్చి పెట్టిన తరువాత మొదలయ్యే ఇబ్బందుల గురించి ఈ వీడియోలో వివరంగా మాట్లాడుకుందాం. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర మీద ఏమీ రాకపోవడం, కాసేపు బాగానే నడిచి హఠాత్తుగా నీలి తెర చూపించి రీస్టార్ట్ కావడం, డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైలు పాడైందంటూ తెరుచుకోకపోవడం వంటివి ఇందులో సాధారణంగా కనిపించే లక్షణాలు. ఇవి కనబడగానే చాలామంది కొత్త స్టిక్ పాడైపోయిందని తేల్చేసి వెనక్కి పంపేస్తారు. నిజానికి చాలాసార్లు కొత్త స్టిక్‌లోనూ, పాత స్టిక్‌లోనూ ఏ లోపమూ ఉండదు. విడివిడిగా రెండూ మంచివే అయినా, మనం పెట్టిన సెట్టింగ్‌ల వద్ద అవి కలిసి నడవలేకపోతాయి. కాబట్టి లోపం స్టిక్‌లో ఉందా, కలయికలో ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

కొన్ని కలయికలు ఎంత ప్రయత్నించినా కుదరవు. డీడీఆర్3, 4, 5 అనేవి ర్యామ్ తరాల పేర్లు. వీటిలో డీడీఆర్3 స్టిక్‌కు 1.5 వోల్టులు, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 వోల్టులు ప్రామాణికం. పైగా స్టిక్ అడుగు అంచున ఉండే గాటు ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. దిగడం లేదని బలంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. అలాగే సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయదు, మామూలు ర్యామ్‌తో కలవదు.

ఇక ఒకే తరానికి చెందిన స్టిక్‌ల సంగతి. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ఆ స్టిక్ ఏ వేగంతో, ఏ టైమింగ్‌లతో (ఒక్కో పనికి ఎంతసేపు ఆగాలో చెప్పే సంఖ్యలతో), ఎన్ని వోల్టుల వద్ద నడవగలదో అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్ (బోర్డులో ఉండి అన్నింటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అన్ని స్టిక్‌ల ఎస్‌పీడీలనూ చదివి, అందరికీ సరిపడే సెట్టింగ్‌ను ఎంచుకుంటుంది. అంటే 3200 వేగం గల స్టిక్ పక్కన 2666 స్టిక్ ఉంటే రెండూ 2666 వద్దే నడుస్తాయి. మెమరీ ప్రమాణాలను తయారుచేసే జెడెక్ సంస్థ నిర్ణయించిన ఈ ప్రామాణిక వేగాల వద్ద, వేర్వేరు కంపెనీల స్టిక్‌లు కూడా ఎక్కువ సందర్భాలలో ఏ గొడవా లేకుండా కలిసిపోతాయి.

చిక్కంతా ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్లతో వస్తుంది. ప్రామాణిక పరిమితిని దాటి నడవడానికి తయారీదారు విడిగా పరీక్షించి స్టిక్‌లో రాసిన సెట్టింగ్‌లవి. ఇప్పుడు తెర మీద ఉన్న రెండు డీడీఆర్4 స్టిక్‌ల లేబుళ్లు చూడండి. రెండింటి మీదా 3200 అనే ఉంది. అయితే మొదటి దాని మీద సీఎల్16, 1.35 వోల్టులు అని, రెండో దాని మీద సీఎల్22, 1.2 వోల్టులు అని ఉంది. సీఎల్ అంటే డేటా అడిగిన తరువాత అది రావడానికి ఎన్ని క్లాక్‌లు ఆగాలో చెప్పే సంఖ్య. 3200 ర్యామ్‌లో క్లాక్ 1600 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో క్లాక్ 0.625 నానోసెకన్లు. ఆ లెక్కన మొదటి స్టిక్ 10 నానోసెకన్లలో డేటా అందిస్తుంది, రెండో స్టిక్ 13.75 నానోసెకన్లు తీసుకుంటుంది. మీరు ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినప్పుడు బోర్డు మొదటి స్టిక్ ప్రొఫైల్‌ను రెండింటికీ వర్తింపజేస్తే, 13.75కే హామీ ఉన్న స్టిక్‌ను 10లో ఇవ్వమని అడిగినట్టవుతుంది. అది ఇవ్వలేకపోతే దానిని పాడైన స్టిక్ అనడం న్యాయం కాదు. ర్యామ్ కొనేటప్పుడు వేగం ఒక్కటే చూసి సీఎల్‌ను వదిలేయడం వల్లనే ఈ చిక్కు ఎక్కువగా వస్తుందని నా అభిప్రాయం.

పరీక్ష ఎలా చేయాలో ఇప్పుడు చూద్దాం. కంప్యూటర్ ఆపి, పవర్ కేబుల్ తీసి, లోపల మిగిలిన విద్యుత్తు పోయేలా పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. తరువాత ఒక్క స్టిక్‌ను మాత్రమే మాన్యువల్ సూచించిన స్లాట్‌లో ఉంచండి. నాలుగు స్లాట్‌ల బోర్డుల్లో అది సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. ఎక్స్‌ఎంపీ ఆపివేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపండి. ఇందులో ఒక్క ఎర్రర్ వచ్చినా తేలికగా తీసుకోకూడదు. తరువాత రెండో స్టిక్‌ను కూడా అదే స్లాట్‌లో, అవే సెట్టింగ్‌లతో పరీక్షించాలి. స్లాట్ మారితే తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తెలియదు. రెండూ నెగ్గితే, మంచిదని తేలిన ఒక స్టిక్‌తో మిగిలిన స్లాట్‌లను కూడా ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు.

విడివిడిగా ఏ ఎర్రరూ రాకపోతే రెండింటినీ కలిపి, రెండో, నాలుగో స్లాట్‌లలో పెట్టండి. తెర నల్లగా ఉంటే పాత సెట్టింగ్‌లు చెరిగిపోయేలా సీమాస్‌ను, అంటే బయోస్ సెట్టింగ్‌లు దాచుకునే మెమరీని, మాన్యువల్‌లో చెప్పినట్టు క్లియర్ చేయండి. డీడీఆర్5 బోర్డుల్లో కొత్త స్టిక్ పెట్టిన తరువాత మొదటిసారి మెమరీ ట్రైనింగ్ (స్టిక్‌లకు తగ్గట్టు బోర్డు తనను తాను సర్దుకోవడం) జరుగుతుంది, దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ సమయంలో కంగారుపడి పవర్ ఆపకండి. ప్రామాణిక వేగం వద్ద మెమ్‌టెస్ట్ నెగ్గాక, వేగాన్ని 2666, 2933, 3200 అంటూ ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతిసారీ మళ్లీ పరీక్షించండి. టైమింగ్‌లను మాత్రం నెమ్మదైన స్టిక్‌కు తగినట్టే ఉంచాలి. కమాండ్ రేట్‌ను, అంటే ర్యామ్‌కు ఆదేశం అందించడానికి ఇచ్చే క్లాక్‌ల సంఖ్యను, 1టీ (ఒక క్లాక్) నుంచి 2టీకి (రెండు క్లాక్‌లకు) మార్చడం వల్ల కూడా కొన్ని మొండి జంటలు దారికి వస్తాయి.

పరిమాణంలో తేడా అంత పెద్ద సమస్య కాదు. ఛానల్ అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా వెళ్లే దారి. ఒక ఛానల్‌లో 8 జీబీ, మరో ఛానల్‌లో 16 జీబీ ఉంటే, చాలా బోర్డుల్లో రెండు వైపులా 8 జీబీ చొప్పున డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లోనూ ఒకేసారి నడిచి, మిగిలిన 8 జీబీ సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది. ర్యామ్ చాలక కంప్యూటర్ డిస్క్ మీద ఆధారపడటం కంటే ఇది ఎంతో మేలు. స్టిక్‌ల సంఖ్య పెరగడమే అసలైన భారం, ఎందుకంటే ఆ భారమంతా ప్రాసెసర్‌లో ఉండే మెమరీ కంట్రోలర్ మీద పడుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా ఇచ్చిన హామీ రెండు స్టిక్‌లతో 5200, నాలుగు స్టిక్‌లతో 3600 మాత్రమే. అక్కడ నాలుగూ ఒకే రకానివైనా వేగం తగ్గించుకోక తప్పకపోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడవద్దని గట్టిగా కోరుతున్నాను. ర్యామ్ ఎర్రర్ ప్రతిసారీ నీలి తెరగా బయటపడదు. కాపీ అవుతున్న ఫొటోలో, సేవ్ అవుతున్న పత్రంలో ఒక బిట్ మారిపోయినా ఆ సమయానికి ఏమీ తెలియదు. తప్పు డేటా బ్యాకప్‌లోకి కూడా చేరిపోతుంది. అందువల్ల పరీక్ష పూర్తయ్యేవరకు ముఖ్యమైన ఫైళ్ల పని ఆ కంప్యూటర్‌లో పెట్టుకోకండి.

ప్రామాణిక వేగం వద్ద కూడా ఎర్రర్లు ఆగకపోతే, బయోస్ అప్‌డేట్ చేసి ఒకసారి చూసి, ఆ తరువాత ఆ జంటను విడదీయడమే మంచిది. పెద్ద స్టిక్‌ను ఉంచుకోండి, లేదా ఒకే ప్యాక్‌లో వచ్చే రెండు స్టిక్‌ల కిట్ తీసుకోండి. అదే మోడల్ నంబరుతో విడిగా కొన్నా, లోపలి చిప్‌లు ఒకసారి శామ్‌సంగ్‌వి, మరోసారి మైక్రాన్‌వి కావచ్చు. అన్నీ కుదిరాక, కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి చూడండి. అక్కడ 1600 అని కనిపిస్తే సగం వేగమే వస్తోందని అనుకోకండి; అది క్లాక్ వేగం, ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా వెళుతుంది కాబట్టి మీ ర్యామ్ 3200 వద్దే నడుస్తోంది.