హైస్టార్ట్ రివ్యూ: కోనసీమ మడుల్లో పెద్ద సెట్టా, చిన్న సెట్టా?

నమస్కారమండి. రేడియో కంట్రోల్ గ్లైడర్‌ని మోటారు లేకుండా పైకి లేపే హైస్టార్ట్ సెట్లు రెండు ఇవాళ పక్కపక్కన పెట్టి చూద్దాం. పెద్దదాంట్లో 30 మీటర్ల రబ్బరు ట్యూబు, 120 మీటర్ల నైలాన్ తాడు. చిన్నదాంట్లో రెండు పొడవులూ సగమే. రబ్బరు కొస నేలకి కట్టాలి, తాడు కొసన చిన్న పారాచూటు, రింగు ఉంటాయి. రింగుని గ్లైడర్ కింది హుక్కుకి తగిలించి, వెనక్కి లాగి వదిలితే రబ్బరు దాన్ని పైకి లేపుతుంది.

ముందే చెప్పేస్తున్నానండి, మన డెల్టాకి చిన్నదే తీసుకోండి. పెద్దది సాగదీస్తే 200 మీటర్లు దాటిపోతుంది. అంత పొడుగునా కొబ్బరిచెట్టు, కరెంటు తీగ అడ్డం లేని మడి అమలాపురం, రాజోలు వైపు దొరకడం కష్టం. చిన్నదానికి వంద పైచిలుకు చాలు. రబ్బరు పొట్టిదైతే లాగుడు తగ్గుతుందనుకుంటారు. తగ్గదండి. బలం ట్యూబు మందాన్ని బట్టి, ఎన్ని రెట్లు సాగదీశారన్నదాన్ని బట్టి వస్తుంది. ఆ లాగుడు నిలిచే సేపు తగ్గుతుంది, దాంతోపాటు ఎత్తూ తగ్గుతుంది. కానీ పదిమంది గ్లైడర్లు పట్టుకుని వరసలో ఉన్న రోజున ఎత్తుకంటే తాడు మళ్లీ ఎంత తొందరగా చేతికొస్తుందన్నదే ముఖ్యం.

సెట్టుతో వచ్చే మేకు మాత్రం పక్కన పడేయండి. మన నల్లమట్టి పైన ఎండి బీటలు తీసినా, అడుగున మెత్తగానే ఉంటుంది. మేకు ఊడిందంటే సూటిగా లాగేవాళ్ల మీదికే వస్తుంది. రెండు గునపాలు ఒకదాని వెనక ఒకటి, తలలు వెనక్కి వాల్చి దిగ్గొట్టి, రెంటినీ కలిపి కట్టండి.

ఎంత లాగాలో అడుగులు లెక్కపెట్టొద్దు. కొక్కెం త్రాసు తగిలించి చూడండి. 900 గ్రాముల గ్లైడర్‌కి మూడు కిలోల దగ్గర ఆగిపోండి, అక్కడ జెండా పాతండి. హుక్కు సీజీకి, అంటే గ్లైడర్ బరువు సమతూగే చోటుకి, ఒక సెంటీమీటరు ముందు ఉండాలి. మరీ వెనక్కి పోతే లేస్తూనే పక్కకి తిరగబడుతుంది. మరీ ముందుకుంటే ఎక్కదు. రెక్కలు సమంగా పట్టి వదలండి, మొదటి రెండు సెకన్లు ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక రెక్క) ముట్టుకోవద్దు.

ఇక్కడ దగ్గరగా చూడండి. ట్యూబు మీద ఈ సన్నటి గాట్లు వరి కొయ్యకాళ్లు చేసినవి. ప్రతి పది లాంచ్‌లకీ వేళ్లతో సాగదీసి తడమండి. గాటు కనిపిస్తే అక్కడ కోసి, లోపల నున్నటి చెక్క బిరడా పెట్టి కట్టాలి. లాగుతూ ఉండగా తెగితే ముఖానికి తగులుతుంది, కళ్లజోడు తప్పనిసరి.

దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాక ఎగరేయండి. తడి మడిలో ఎండ వేడి నీరు ఆవిరవడానికే పోతుంది, థర్మల్స్, అంటే గ్లైడర్‌ని పైకి మోసే వేడిగాలులు, పెద్దగా రావు. థర్మల్ దొరికినా గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్లు ఎగరేయగల చోట) 120 మీటర్లు దాటకూడదు. రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టు దగ్గరైతే, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకోండి.

మధ్యాహ్నం పైరగాలి మొదలైతే గునపాలు పీకి రెండో వైపు పాతండి, బద్ధకించొద్దు. గాలి అడ్డంగా ఉంటే పారాచూటు తాడుని కొబ్బరి మొవ్వులోకి తీసుకుపోతుంది, ఇక దింపు తీసేవాళ్లు రావాల్సిందే. సాయంత్రం ట్యూబు మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, టాల్కం పౌడరు రాసి నల్ల సంచిలో పెట్టండి.