ముందు పర్మిట్, తర్వాతే ఫ్లైట్

అందరికీ నమస్కారం. గొరిల్లాలను చూడ్డానికి ఆఫ్రికా వెళ్లాలనుకునే వాళ్లలో చాలామంది ముందు ఫ్లైట్ టికెట్ల రేట్లు వెతుకుతారు. నన్నడిగితే అది ఆఖర్న చేయాల్సిన పని. ముందు గొరిల్లాల దగ్గరికి వెళ్లడానికి అక్కడిచ్చే పర్మిట్ దొరకాలి. ఏ తేదీకి, ఏ చోట దొరికిందో చూసుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు పెట్టుకోవాలి.

పర్వత గొరిల్లాలు ఉగాండా, రువాండా, కాంగోల్లో తప్ప ఇంకెక్కడా అడవిలో కనిపించవు. 2018 నాటి లెక్కల ప్రకారం మొత్తం వెయ్యికి కాస్త పైన, అంతే. తూర్పు కాంగోలో పరిస్థితులు బాగాలేవు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. రువాండాలో పర్మిట్ 1,500 డాలర్లు. ఉగాండాలో విదేశీయులకు 800. మనలాంటి వాళ్ల బడ్జెట్‌కు ఉగాండాలోని బ్విండి నేషనల్ పార్కే నయం.

బ్విండి 320 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. ట్రెక్కింగ్ నాలుగు చోట్ల మొదలవుతుంది: బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో. మ్యాపులో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. కానీ అడవి చుట్టూ కొండదారుల్లో తిరిగి రావాలి కాబట్టి బుహోమా నుంచి రుషాగాకు గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికల్లా బ్రీఫింగ్ మొదలైపోతుంది. పర్మిట్ రుషాగాకి తీసుకుని, ఫొటోలు బాగున్నాయని లాడ్జి బుహోమాలో బుక్ చేస్తే, కాళరాత్రే! ఎంటెబ్బే ఎయిర్‌పోర్టు నుంచి కారులో ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణం. దక్షిణం వైపున్న రుషాగా, న్కురింగోలకైతే రువాండాలోని కిగాలీలో దిగి సరిహద్దు దాటడమే దగ్గర దారి. అలా వెళ్లేవాళ్లు ఉగాండా, రువాండా, కెన్యాలకు కలిపి ఇచ్చే ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా తీసుకోండి. ముందు ఏ దేశంలో అడుగుపెడతారో ఆ దేశం దగ్గరే అప్లై చేయాలి.

యెల్లో ఫీవర్ టీకాను తేలిగ్గా తీసుకోకండి. ఆ సర్టిఫికెట్ లేకుండా ఉగాండాలోకి రానివ్వరు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వేయించుకున్న పది రోజులకు గానీ చెల్లదు. హైదరాబాద్ వాళ్లు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకోవచ్చు.

సీజన్ అంటారా, జూన్ నుంచి ఆగస్టు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వానలు తక్కువ. పర్మిట్ల కోసం పోటీ కూడా అప్పుడే ఎక్కువ, నెలల ముందే చూసుకోవాలి.

ట్రెక్ రోజున ట్రాకర్లు మనకంటే ముందే బయల్దేరతారు. గొరిల్లాలు ఏ రాత్రికారాత్రి కొత్త గూడు కట్టుకుంటాయి. ట్రాకర్లు ముందురోజు వాటిని వదిలిన చోటికి వెళ్లి, గూళ్లు చూసి, అక్కణ్నుంచి జాడ పట్టుకుని మన గైడుకు వాకీటాకీలో చెబుతారు. గంటలో కనిపించొచ్చు, మధ్యాహ్నం దాటిపోవచ్చు. దారంతా దురదగొండి లాంటి ఆకులు, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపకపోతే చీమలు లోపలికి దూరతాయి.

ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు, అదీ గంటసేపే. మాస్క్ పెట్టుకోవాలి, పది మీటర్ల దూరంలో ఉండాలి. పది మీటర్ల రూలు మనకే గానీ పిల్ల గొరిల్లాలకు తెలీదు కదా, అవే దగ్గరికొస్తే మనం మెల్లగా వెనక్కి జరగాలి. ఇదంతా చాదస్తం కాదు. 1996లో బ్విండి గొరిల్లాలకు గజ్జి సోకింది. మనుషుల నుంచే వచ్చి ఉంటుందని అప్పటి వెటర్నరీ డాక్టర్ గ్లాడిస్ కలేమా-జికుసోకా బృందం తేల్చింది. అందుకే జలుబు, దగ్గు ఉంటే ఎంత డబ్బు పోసి వచ్చినా వెళ్లొద్దు. పదిహేనేళ్లలోపు పిల్లల్ని అసలే రానివ్వరు.

మాకు ఓపికుంది, సామాను మోయడానికి పోర్టర్ ఎందుకంటారు కొందరు. అక్కర్లేకపోయినా పెట్టుకోండి. బురదవాలులో చెయ్యి పట్టుకుని పైకి లాగేది వాళ్లే. 1991లో బ్విండి నేషనల్ పార్కు అయినప్పుడు బత్వా అనే అడవిజాతి వాళ్లను అందులోంచి పంపించేశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ అడవిలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఆ ఊళ్లలోకి నేరుగా వెళ్లే డబ్బుల్లో పోర్టర్ కూలి ఒకటి. అందుకని చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. డాలర్లయితే కొత్తవే తీసుకెళ్లండి, పాతవి, చిరిగినవి అక్కడ ఎవరూ పుచ్చుకోరు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.