విప్పని సెంట్రింగ్

శ్రోతలందరికీ నమస్కారం. కొత్త టీవీ అట్టపెట్టె విప్పినప్పుడు, దాని చుట్టూ దన్నుగా పెట్టిన తెల్లటి థర్మోకోల్ ముక్కలు గుర్తున్నాయా? పిల్లలు వాటిని విరిచి ఇల్లంతా పూసలు చల్లేలోపే పట్టుకెళ్లి బయట పడేస్తాం. వేలితో నొక్కితే గుంటపడే ఆ వస్తువుతో ఇంటి బయటి గోడకి సెంట్రింగ్ కట్టి, అందులో టన్నులకొద్దీ కాంక్రీటు పోస్తారని ఎవరో చెప్తే నేనూ మొదట్లో నవ్వాను. తర్వాత ఆ పని దగ్గరుండి చూశాను. ఈ రోజు ఆ గోడ గురించే, ఇంగ్లీషులో ఐసీఎఫ్ (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్) అనే ఆ పద్ధతి గురించే మాట్లాడుకుందాం.

సెంట్రింగ్ అంటే తెలిసిందే. కాంక్రీటుకి సొంత ఆకారం లేదు కాబట్టి చెక్కతోనో ఇనుప రేకుతోనో పెట్టె కట్టి, అందులో పోసి, గట్టిపడ్డాక పెట్టె ఊడదీస్తాం. గోడకైతే షట్టరింగ్ అంటారు, పిలుపేదైనా పని ఒకటే. ఇక్కడ మాత్రం ఊడదీయడం అనేదే లేదు. రెండు వైపులా నురుగు పలకలు, మధ్యలో ఖాళీ, ఆ రెండు పలకలూ విడిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ టైలు. ఆ ఖాళీలో ఊచలు కట్టి కాంక్రీటు పోస్తారు. పలకలు గోడలో భాగమైపోయి ఇల్లున్నంత కాలం అక్కడే ఉంటాయి. బరువు మోసేది కాంక్రీటు, ఎండనీ చలినీ ఆపేది పలక.

టీవీ పెట్టెలో వచ్చేదీ ఇదీ ఒకే జాతి. కాకపోతే గోడకి వాడేది ఇంకా గట్టిది, మంట త్వరగా పాకకుండా మందు కలిపినది. కొన్ని రకాల్లో రెండు పలకలూ టైలతో కలిసి దిమ్మెలాగా అచ్చుపోసి వస్తాయి, కొన్నిట్లో పలకలు విడిగా కట్టలు కట్టి వస్తాయి, సైటులోనే టైలు గుచ్చుకోవాలి. రెండో రకానికి పని ఎక్కువ, కానీ లారీలో గాలిని మోసుకొచ్చే ఖర్చు తప్పుతుంది.

ఈ ఆలోచన నిన్నా మొన్నా పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్విట్జర్లాండ్‌లో చెక్క పీచుని సిమెంటుతో కలిపి బోలు దిమ్మెలు చేసి, వాటిని పేర్చి లోపల కాంక్రీటు పోసేవాళ్లు. నురుగు ప్లాస్టిక్ వాడుకలోకి వచ్చాక, 1966లో కెనడాలో వెర్నర్ గ్రెగొరీ అనే కాంట్రాక్టరు నురుగుతోనే దిమ్మె తయారుచేసి పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. పొడవు 48 అంగుళాలు, ఎత్తు 16 అంగుళాలు, ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చునే అంచులు. ఇప్పటికీ చాలా దిమ్మెలు అదే కొలతలో వస్తున్నాయి. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు ఎలా పేరుస్తారో ఇవీ అలాగే పేరుస్తారు, ఒక మనిషి చేత్తో ఎత్తి పెట్టేయొచ్చు. అంత తేలిక కాబట్టే ఖాళీ గోడని పెద్ద గాలికి వదిలేస్తే తెల్లారేసరికి అది పక్క స్థలంలో ఉంటుంది.

ఇంతకీ ఏమిటి లాభం? ఒక చిన్న లెక్క. ఈ నురుగులో దాదాపు 98 శాతం గాలే, అదీ ఎటూ కదలలేని చిన్న చిన్న గదుల్లో ఇరుక్కున్న గాలి, అందుకే వేడి దాన్ని దాటి రాలేదు. మామూలుగా ఒక్కో వైపు రెండున్నర అంగుళాల పలక ఉంటుంది, అంటే రెండు వైపులా కలిపి ఐదంగుళాలు. ఆ ఐదంగుళాల నురుగు ఆపే వేడిని ఒట్టి కాంక్రీటుతో ఆపాలంటే గోడ మందం సుమారు 6 మీటర్లు కావాలి. అంగుళాలు కాదు, మీటర్లే. కాంక్రీటు గట్టిదే గానీ వేడి విషయంలో మాత్రం తలుపు తీసిపెట్టిన ఇల్లు. ఆరంగుళాల ఒట్టి కాంక్రీటు గోడ పక్కన ఈ గోడని పెట్టి చూస్తే, లోపలికొచ్చే వేడి దాదాపు పదిహేనో వంతుకి పడిపోతుంది. ఇది గోడ ఒక్కదాని లెక్క సుమా. పైకప్పు కాలుతూ ఉండి, పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా పడుతూ ఉంటే గోడ ఒక్కటే ఏం చేస్తుంది పాపం.

ఇక్కడే అమ్మేవాళ్ల మాట ఒకటి సరిచెయ్యాలి. లోపలున్న కాంక్రీటు రాత్రి చల్లదనాన్ని దాచుకుని పగలు గదికి ఇస్తుందని చెప్తుంటారు. కాంక్రీటుకి ఆ గుణం ఉన్న మాట నిజమే, కానీ గదికీ కాంక్రీటుకీ మధ్య రెండున్నర అంగుళాల నురుగు అడ్డం పెట్టాక ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా సాగుతుంది? బయటి ఉష్ణోగ్రత ఎగుడుదిగుళ్లని మెత్తబరచడంలో ఆ బరువు కొంత పనికొస్తుంది, అంతవరకే. పగలు మండి రాత్రి బాగా చల్లబడే చోట, పలక బయటి వైపే ఉంచి లోపలి వైపు మామూలు షట్టరింగ్ కట్టి విప్పేస్తే, కాంక్రీటు గదివైపు తెరుచుకుని ఉంటుంది. నన్నడిగితే అలాంటి చోట అదే మెరుగు. కాకపోతే కట్టేవాళ్లకి రెండు రకాల పని, అందుకే దాని ఊసెత్తరు.

ఇక అసలు కథ కాంక్రీటు పోసే రోజుది.

పచ్చి కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2,400 కిలోలు ఉంటుంది. అది పచ్చిగా ఉన్నంతసేపూ నీళ్లలాగే పక్కలకి తోస్తుంది. మూడు మీటర్ల గోడని ఒకేసారి పైదాకా నింపేశామనుకోండి, అడుగున చదరపు మీటరుకి ఏడు టన్నుల పైనే ఒత్తిడి. అడుగు వరసలో ఒక్క దిమ్మె మొహం మీద మూడు టన్నులకు పైగా. విచిత్రమేమిటంటే గోడ నాలుగంగుళాలదైనా పదంగుళాలదైనా ఈ ఒత్తిడి మారదు, ఎత్తుని బట్టే ఉంటుంది. సన్న గోడే కదా, కాంక్రీటు కొంచెమే కదా అనుకుని ధైర్యంగా నింపేసేవాళ్లు దెబ్బతినేది ఇందుకే.

నేను చూసిన మొదటి పోతలోనే అది జరిగింది. కిటికీ పక్కన దిమ్మె కొలతకి సరిపోలేదని కోశారు, ఆ కోతలో టై ఒకటి తెగిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. పంపు గొట్టం ఒకే చోట పట్టుకుని గబగబా పోస్తున్నారు. ముందు కిర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. అటు తిరిగేలోపు అడుగు పొడవు పలక పగిలి, బూడిదరంగు ముద్ద మోకాళ్ల మీద పడింది. పంపు ఆపమని అరిచేవాళ్లు అరుస్తున్నారు, ప్లైవుడ్ ముక్క కోసం పరిగెత్తేవాళ్లు పరిగెత్తుతున్నారు. అప్పుడు ఓ పెద్ద మేస్త్రి తాపీగా వచ్చి, ఒలికినదాన్ని పారతో తోసేసి, పలక ముక్కని వెనక్కి నొక్కి, ప్లైవుడ్ అడ్డం పెట్టి పక్క టైలకి స్క్రూలు బిగించి, "ఇక్కడ గంట ఆగండి, అవతల గోడ పోసుకోండి" అన్నాడు. అంతే, సర్దుకుంది. కానీ ఆ ప్లైవుడ్డేదో కోత పెట్టినప్పుడే కొట్టి ఉంటే ఆ గంట మిగిలేది, చొక్కాలు కూడా.

పద్ధతి పెద్ద రహస్యమేం కాదు. ఒక చోటే నింపకుండా ఇంటి చుట్టూ తిరుగుతూ, విడతకి మూడు నాలుగడుగుల ఎత్తు చొప్పున పోయాలి. ఒక చుట్టు పూర్తయి మళ్లీ మొదటికి వచ్చేసరికి అడుగున ఉన్నది కాస్త బిగుసుకుంటుంది, తోపు తగ్గుతుంది. గోడకి లోపలివైపు ఐదారడుగులకొక నిలువు ఆధారం, దానికి మర తిప్పి సర్దుకునే ఆనుబడి ఉంటుంది. పరంజా పలకలు కూడా వాటి మీదే వేస్తారు. పైన దారం కట్టి, పోస్తున్నంతసేపూ ఒకరు ఆ దారాన్నే చూస్తూ ఉండాలి, ఇంకే పనీ చెప్పకూడదు. పోత అయిపోయాక కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే మర తిప్పి గోడని నిటారుగా తూకానికి తెచ్చుకోవాలి. మర్నాడు వచ్చి చూస్తే చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

కాంక్రీటు కూడా స్లాబుకి పోసే రకం పనికిరాదు. సన్నటి ఖాళీ, మధ్యలో టైలు, ఊచలు, వీటన్నిటి సందుల్లోంచి జారి కింది దాకా దిగాలి. అందుకని ఆరంగుళాల గోడకైతే 10, 12 మిల్లీమీటర్ల కంకర, స్లంప్, అంటే కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత, 125 నుంచి 150 మిల్లీమీటర్లు. జారడం లేదని సైటులో బకెట్టుతో నీళ్లు కొట్టడం ఉంది చూశారూ, అది మాత్రం వద్దు. బలం పోతుంది, పైగా పలచబడ్డ కొద్దీ తోపు పెరుగుతుంది. జారుడు పెంచే రసాయనాలు ఉన్నాయి, కాంక్రీటు ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగాలి. కాంక్రీటుని కుదిపి సందుల్లోకి సర్దే వైబ్రేటర్ సూది సన్నది వాడాలి, దించి తీసెయ్యాలి, ఒకే చోట అదేపనిగా ఆడించకూడదు.

వైబ్రేటర్ అంటే భయపడి అసలు దించనివాళ్లూ ఉన్నారు, పలక పగులుతుందేమోనని టెన్షన్. ఈ గోడలో నాకున్న పెద్ద బెంగ ఇదే. మామూలు షట్టరింగ్ విప్పగానే కాంక్రీటు తన గుట్టు తనే చెప్పేస్తుంది. ఎక్కడ తేనెతుట్టెలా చిల్లులు పడ్డాయో, ఎక్కడ ఊచ బయటపడిందో మొహం మీదే కనిపిస్తుంది. ఇక్కడ విప్పడమే లేదు కదా! కిటికీ కింద ఖాళీ ఉండిపోయినా పైన పలక తెల్లగా నవ్వుతూ ఉంటుంది. అందుకని కొన్ని దొడ్డిదారులు. గోడ కొలతల ప్రకారం ఎన్ని ఘనపు మీటర్లు పట్టాలో ముందే లెక్క రాసుకుని, పోసింది అంతకన్నా బాగా తక్కువైతే ఎక్కడో ఖాళీ ఉన్నట్టే. వేలి కణుపులతో కొట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది, అలవాటైన చెవికి తెలుస్తుంది. కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి ఆ మొదటి రోజుల్లోనే థర్మల్ కెమెరాతో చూస్తే ఖాళీలున్న చోటు చల్లగా, వేరే రంగులో కనిపిస్తుంది. అనుమానం ఉన్నచోట పలకని చిన్న చదరంగా కోసి చూసి, మళ్లీ అతికించెయ్యొచ్చు, దానికి మొహమాటపడక్కర్లేదు. కిటికీల కింద, మూలల్లో, ఊచలు ఒత్తుగా ఉన్నచోట తప్పకుండా చూడాలి.

విప్పకపోవడంలో మంచి కూడా ఉంది లెండి. పలకలు తేమని లోపలే పట్టి ఉంచుతాయి కాబట్టి గోడ మొహాలకి రోజూ నీళ్లు పట్టే బాధ చాలావరకు తప్పుతుంది, కాంక్రీటు నిదానంగా, బాగా గట్టిపడుతుంది. ఆ గట్టితనం మాటలకే కాదు. అమెరికాలో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో 15 పౌన్ల చెక్క దూలాన్ని గంటకి 100 మైళ్ల వేగంతో ఇలాంటి గోడల మీదికి పేల్చి చూశారు, సుడిగాలిలో ఎగిరొచ్చే శిథిలాల్ని అనుకరిస్తూ. కాంక్రీటుని దాటి లోపలికి రాలేదు.

నిప్పు సంగతి చాలామంది అడుగుతారు. కాంక్రీటుకి నిప్పుతో భయం లేదు, నురుగుకి ఉంది. సుమారు 100 డిగ్రీల దగ్గరే అది మెత్తబడి ముడుచుకుపోతుంది, ఇంకా వేడెక్కితే అంటుకుని నల్లటి పొగ వదులుతుంది. అందుకని గది వైపు అరంగుళం జిప్సం బోర్డు గానీ తగిన ప్లాస్టరింగ్ గానీ తప్పనిసరి, స్టోర్‌రూమ్ కదా అని వదిలెయ్యకూడదు. మంట పాకకుండా ఒకప్పుడు కలిపిన హెచ్‌బీసీడీ అనే రసాయనాన్ని 2013లో హానికర రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు, ఇప్పుడు వేరేవి వాడుతున్నారు. కొనేటప్పుడు ఏది కలిపారో అడిగి కాగితం తీసుకోండి.

చెదలు నురుగుని తినవు, కానీ దాన్ని తొలుచుకుంటూ మీకు కనపడకుండా పైన చెక్క దాకా వెళ్లిపోతాయి. నేలలో ఉన్న పలకకీ పైన ఉన్న పలకకీ మధ్య ఎక్కడో ఒకచోట వాటికి దారి తెగాలి, రేకు అడ్డం పెట్టి అయినా సరే. ఇంకొకటి, నేల కింది భాగానికి నీరు దిగకుండా పూసే పూత పెట్రోలు జాతి ద్రావకంతో చేసిందైతే పలకని ఉప్పు కరిగినట్టు కరిగించేస్తుంది. బయటి పలకని నెలల తరబడి ఎండకి వదిలేసినా పసుపు పచ్చబడి పొడి రాలుతుంది, ప్లాస్టర్ దాని మీద నిలవదు.

గాలి దూరని ఇల్లు తయారవుతుంది కాబట్టి స్వచ్ఛమైన గాలి లోపలికి రావడానికి వేరే ఏర్పాటు ఉండాలి. ఏసీ లెక్క కూడా మళ్లీ వేయించుకోవాలి. పాత అలవాటు కొద్దీ పెద్దది పెట్టేస్తే అది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉండిపోయి ఒళ్లు జిగటగా ఉంటుంది.

కట్టాక వచ్చే చిన్న చిక్కు, గోడకి ఏదైనా తగిలించాలంటే ఎలా అని. నురుగులో మేకు నిలవదు. టైల చివర్లు పలక లోపల పట్టీల్లాగా ఉంటాయి, ఆరంగుళాలకో ఎనిమిదంగుళాలకో ఒకటి, స్క్రూ దానికే బిగించాలి. వంటింటి అల్మారా లాంటి బరువైనదైతే కాంక్రీటు దాకా పోయే బోల్టు పెట్టాలి, లేదా పోతకి ముందే అక్కడ పలక తీసి గట్టి చెక్క కూర్చోబెట్టాలి. కరెంటు పైపులు పలకలో గాడి కోసి పెట్టేసుకోవచ్చు, వేడి కత్తితో ఐదు నిమిషాల పని. కానీ గోడని దాటి వెళ్లాల్సిన నీళ్ల గొట్టం, ఏసీ గొట్టం, వంటింటి పొగగొట్టం, వీటికి రంధ్రాలు పోతకి ముందే వదలాలి. మర్చిపోయారా, ఆరంగుళాల కాంక్రీటుని డ్రిల్లుతో తొలవాలి, ఊచ అడ్డం రాకూడదని మొక్కుకుంటూ.

అందుకే పోతకి ముందు రోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే, టేపు గోడకి ఆనించి పట్టుకోమని ఒకరికి చెప్పి, అన్ని గోడలకీ ఫోన్లో ఫోటోలు తీసుకోండి. ఊచలు, పైపులు, వదిలిన రంధ్రాలు, టైల వరసలు, కోసిన చోటల్లా కొట్టిన ప్లైవుడ్డు, అన్నీ టేపు అంకెలతో సహా కనపడాలి. పదేళ్ల తర్వాత ఎక్కడో గోడకి కన్నం పెట్టాల్సి వచ్చినప్పుడు మీ దగ్గర ఉండేది ఆ ఫోటోలే.