వీటో సంగతి పోలండ్‌కు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

అందరికీ నమస్కారం. యూరప్ ఐక్యత అనగానే ఫ్రాన్స్, జర్మనీల పేర్లే వినిపిస్తాయి. నేను మాత్రం పోలండ్ గురించి మాట్లాడతాను. యూరోపియన్ యూనియన్ రేపు ఎంత గట్టిగా నిలబడుతుందన్నది చాలావరకు వార్సా చేతుల్లో ఉందని నా నమ్మకం.

విదేశాంగ విధానం, కొత్త దేశాల చేరిక లాంటి విషయాల్లో 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదంటే అక్కడితో ఆగిపోతుంది. అదే వీటో. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో చేరిక చర్చలకు పచ్చజెండా ఊపడానికి అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోంచి లేచి వెళ్లాల్సి వచ్చింది. ఆయన బయట ఉండగా మిగతా 26 మంది నిర్ణయం తీసేసుకున్నారు. ఇంత పెద్ద విషయం అలా తేలడం నాకు ఆందోళనగా ఉంది.

పోలండ్ ఈ జబ్బును ఎప్పుడో అనుభవించింది. 1652లో వాళ్ల పార్లమెంటు సెయ్మ్‌లో సిచిన్‌స్కి అనే ప్రతినిధి ఒక్కడు అడ్డుచెప్పడంతో సమావేశాల పొడిగింపు ఆగిపోయింది. తర్వాత అదే అలవాటైపోయింది. ఒక్కడు ఒప్పుకోనంటే చాలు, ఆ సమావేశంలో చేసిన చట్టాలన్నీ రద్దు. సైన్యం పెంచుదామన్నా, పన్నులు సరిచేద్దామన్నా కుదిరేది కాదు. పొరుగు రాజ్యాలు ఒకరిద్దరు ప్రతినిధులను కొనేస్తే పని అయిపోయేది. 1791 మే 3 నాటి రాజ్యాంగం ఆ పద్ధతిని ఎత్తేసింది. కానీ 1772లోనే పొరుగు రాజ్యాలు పోలండ్ నేలను పంచుకోవడం మొదలైపోయింది. 1793, 1795లో మిగిలిందీ పోయింది. 1918 దాకా పోలండ్ స్వతంత్ర దేశంగా లేదు.

అలాంటి దేశమే 2020లో హంగరీతో కలిసి యూనియన్ బడ్జెట్‌ను వీటో చేస్తామని బెదిరించింది. ఇప్పటికీ వీటో వదులుకోవడానికి జంకుతోంది. పెద్ద దేశాలు తమను పక్కన పెడతాయన్నది వాళ్ల టెన్షన్. అది ఊరికే వచ్చింది కాదు. రష్యా నుంచి జర్మనీకి వేసిన నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ పైప్‌లైన్ వద్దని వార్సా ఎంత మొత్తుకున్నా జర్మనీ వినలేదు. అయితే గమనించండి, చేతిలో వీటో ఉన్నా ఆ పైప్‌లైన్ ఆగలేదు.

2022 తర్వాత పోలండ్ మాటకు బరువు పెరిగింది. మెదికా సరిహద్దు దాటి వచ్చిన లక్షల మంది ఉక్రెయిన్ శరణార్థులకు మామూలు జనం తమ ఇళ్లలో చోటిచ్చారు. ఉక్రెయిన్‌కు ఆయుధ సాయంలో చాలా భాగం పోలండ్ నగరం జెషూఫ్ మీదుగా వెళ్తోంది. 2023లో ఉక్రెయిన్ ధాన్యాన్ని ఆపేసినప్పుడు మాత్రం, చేరిక తమ రైతుల దాకా వస్తే ఎంత కష్టమో బయటపడింది.

కనీసం ఆంక్షల విషయంలోనైనా మెజారిటీతో నిర్ణయిద్దామని ఎవరో ఒకరు పట్టుబట్టాలి. బెర్లిన్ అంటే చిన్న దేశాలు అనుమానిస్తాయి. ఆ ప్రతిపాదన వార్సా నుంచి రావాలి.